యేసమ్మ కత్తి, నా కన్ను

యేసమ్మ మంచిదని మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నన్నడిగినా అదే చెబుతాను, కాకపోతే కాస్త ఆలస్యంగా చెబుతాను. మంచివాళ్ళ పక్కన పనిచేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

మాది పెదవేగి దగ్గర పల్లె. చుట్టూ పామాయిల్ తోటలు, కొబ్బరితోటలు. కొబ్బరి నీడలో కోకో వేస్తారు. నరసరాజు గారి తోటలో కోకో కాయలు కోసే ఆడవాళ్ళం పదకొండుమందిమి. అందులో నేను ముందు మనిషిని. ముందు మనిషంటే మేస్త్రి కాదు, కూలేమీ ఎక్కువ రాదు. కోత మొదలయ్యే రోజున రాజుగారు కొబ్బరికాయ కొట్టాక మొదటి చెట్టుకి మొదటి కాయ కోసేది ముందు మనిషి. ఆ తర్వాత రోజూ మొదటి సాలు ఆమెదే. ఆమె లేస్తే అందరూ లేస్తారు, ఆమె కూర్చుంటే అందరూ కూర్చుంటారు. పదహారేళ్ళుగా ఆ మనిషిని నేనే.

నా పేరు జీవరత్నం. పదో తరగతి పాసయ్యాను. మా ఆయన నెల్సన్ పామాయిల్ గెలల ట్రాక్టరు తోలతాడు. మాకు పొలం లేదు, డాబా లేదు. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్న గొప్ప ఆ మొదటి కాయ ఒక్కటే. కొందరికి ఇది నవ్వులాటగా ఉంటుంది. వాళ్ళకి ఇంకేవో గొప్పలుండి ఉంటాయి.

కోకో సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఈ చెట్టుకి పూలు కొమ్మ చివర రావు, మానుమీదే వస్తాయి. పోయినేడు ఎక్కడ పూసిందో ఈ ఏడూ అక్కడే పూస్తుంది. ఆ చోటు చిన్న బుడిపెలా ఉంటుంది, దాన్ని మేం కన్ను అంటాం. కాయ తొడిమ కోసేటప్పుడు కత్తి కాస్త లోపలికి దిగిందంటే కన్ను లేచిపోతుంది. ఇక ఆ చోట జన్మలో పూత రాదు. అందుకని కోకో కోతలో బలం పనికిరాదు, చెయ్యి తేలిగ్గా ఉండాలి. కత్తి ఇంకా తేలిగ్గా ఉండాలి.

నాది మా అత్తగారి కత్తి. పాత కొడవలిని విరిచి చేయించింది. నడుముకు దోపుకుంటే సాయంత్రానికి చీర కుచ్చిళ్ళు జారిపోయేంత బరువు. మొదటి పద్నాలుగేళ్ళు దాంతోనే కోశాను, నా సాల్లో చెట్టుకి రెండు మూడు కళ్ళు పోతూనే ఉండేవి. అందరి సాళ్ళలోనూ పోయేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. యేసమ్మ వచ్చేదాకా అంతే.

యేసమ్మ కొల్లేటి మనిషి. భర్త పోయాక మా ఊళ్ళో ఉన్న అన్న దేవసహాయం ఇంటికి వచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్న. అంతకుముందు చేపల చెరువుల దగ్గర మేత బస్తాలు విప్పడం, వల తాళ్ళు కోసి ముడేయడం ఆమె పని. వచ్చిన మొదటిరోజు పని అడిగితే రాజుగారు సరేనన్నారు. ఏ సాలు కావాలని నేనడిగాను.

"చివరి సాలు ఇవ్వండి వదినగారూ. నాకు అదే బాగుంటదండి," అంది.

అందరూ ఎండ తక్కువుంటుందని మధ్య సాళ్ళకి పోట్లాడుకుంటుంటే, ఈవిడకి గట్టు పక్కన ముళ్ళకంప దగ్గరి సాలు బాగుంటుందట. ఎంత అణకువో అనుకున్నారు అందరూ. ఎంత నటనో అనుకున్నాను నేను.

ఆమె నడుముకు చిన్న తోలు ఒర. అందులో కత్తి. పిడితో కలిపి జానెడు. హాక్సా బ్లేడు సాగదీసి చేసిన అలుగు, జామకర్ర పిడి. ఆ పిడి చేతుల్లో నలిగి నలిగి పాలమీగడ రంగుకి వచ్చింది. బరువు తమలపాకుల కట్టంత కూడా ఉండదు. నేను ముందు సాల్లో ఉంటాను కాబట్టి ఆమె పని నాకు వినిపించడమే ఎక్కువ. మా కత్తులు టక్కుమంటాయి. ఆమెది చప్పుడు కూడా చేయదు, కాయ గోతంలో పడ్డాకే తెలుస్తుంది. నీళ్ళ వంకతో వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఆకుల సందులో ఆ అలుగు ఒక్కసారి తళుక్కుమనేది. నా కన్ను కుట్టేది. అబద్ధమెందుకు చెప్పాలి, కుట్టేది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ ఆ కత్తిని చూస్తామని అడిగేవాళ్ళు. ఆమె ఒర లోంచి తీసి గోనెపట్టా మీద పెట్టేది, కావాల్సినవాళ్ళు తీసుకునేవాళ్ళు. ఉప్పూ కత్తీ చేతికివ్వకూడదు కదా, గొడవలొస్తాయి. అదంతా మూఢనమ్మకమని మా పాస్టరు గారు చెబుతారు గానీ, పాస్టరమ్మ గారు కూడా ఉప్పుగిన్నె కిందే పెడతారు. నేను మాత్రం ఆ కత్తిని ముట్టుకోలేదు. ముట్టుకుంటే బాగుందని ఒప్పుకోవాలి.

ఏడాది తిరిగింది. కోతకీ కోతకీ మధ్య తోట చూసుకుంటూ రాజుగారు సాలు సాలుకీ ఆగి మానులు తడిమి చూశారు. కోకో రేటు బాగా పెరిగిన ఏడాది అది, ఆయనకి ప్రతి కన్నూ లెక్కే. మమ్మల్నందరినీ కొట్టం దగ్గరికి పిలిచారు.

"చివరి సాల్లో ఒక్క కన్ను పోలేదమ్మా. పూత చూస్తే నాకే ఆశ్చర్యంగా ఉంది," అన్నారు. "ఈసారి మొదటికాయ యేసమ్మ చేత కోయిద్దామనుకుంటున్నాను. ఏమంటావు జీవరత్నం?"

ఏమంటాను? ఈలోగా యేసమ్మే ముందుకొచ్చింది.

"వద్దండి రాజుగారూ. మొదటికాయ జీవరత్నం వదినగారే కొయ్యాలండి. నాకు చివరి సాలే అలవాటండి," అంది. మాట్లాడుతున్నంతసేపూ కొంగు చివర మెలితిప్పుతూనే ఉంది.

"సరే, ఈ కోతకి జీవరత్నమే కానియ్యి. తన సాల్లో కళ్ళు ఎలా ఉంటాయో చూసి పై ఏటి సంగతి అనుకుందాం," అన్నారు ఆయన.

అంటే పద్నాలుగేళ్ళ నా చోటు ఆ పూటకి యేసమ్మ పెట్టిన బిచ్చం. పై ఏటికి అదీ లేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. ఒంట్లో బాగాలేదా అని నెల్సన్ అడిగాడు. కడుపులో మంటన్నాను. పాపం, మజ్జిగ తెచ్చిచ్చాడు.

తెల్లారేసరికి నాకొకటి తట్టింది. ఆమెలో ఏముంది? ఉన్నదంతా ఆ కత్తిలోనే ఉంది. నాకూ అలాంటి కత్తి ఉంటే నా సాల్లోనూ కళ్ళు నిలుస్తాయి. కోత మొదలవడానికి ఇంకా నెల ఉంది.

ముందు ద్వారకా తిరుమల వెళ్ళాను. మొక్కు కోసం కాదు, కొండ కింద దుకాణాల్లో మడత చాకులుంటాయని. ఎర్ర ప్లాస్టిక్ పిడిది తెచ్చాను. తేలిగ్గానే ఉంది గానీ తోటలో ముందుగా పండిన రెండు కాయలు కోసేసరికి జిగురు మడతలోకి దిగి బిగుసుకుపోయింది. గట్టిగా లాగితే బొటనవేలు తెగింది. తర్వాత ఏలూరు వెళ్ళి స్టీలు సామాన్ల కొట్లో సన్నపాటి కూరల కత్తి కొన్నాను. అది తడిచేతిలో నిలవదు, తొడిమ మీద పెడితే వంగుతుంది. పైగా ఒర లేదు, వంగినప్పుడల్లా డొక్కలో పొడుచుకునేది. కట్లు కట్టిన వేలు, మందు రాసిన డొక్క చూసి నెల్సన్, "కోతకెళ్తున్నావా యుద్ధానికెళ్తున్నావా?" అన్నాడు. ఆ రోజు అతనికి కూర మాడ్చి పెట్టాను.

నా అవస్థ ఎవరు చేరవేశారో, యేసమ్మ దారిలో కనబడి ఆగింది.

"కత్తి చూసుకుంటున్నారంట కదండీ వదినగారూ. కొట్లో చేత్తో ఊపి చూడకండి, అన్ని కత్తులూ అక్కడ బాగానే ఉంటాయి. నడుముకు దోపుకుని పది అడుగులు వెయ్యండి. అది ఉందన్న సంగతి మర్చిపోయారనుకోండి, అదే మీ కత్తండి. మా నాన్న చెప్పేవాడండి."

నేనడిగానా? అడక్కుండా సలహా ఇవ్వడమే ఒక తప్పు, అది మంచి సలహా కావడం ఇంకో తప్పు. పైకి మాత్రం నవ్వాను.

"నీ కత్తి ఒక్కపూట ఇస్తావా యేసమ్మా? కొలత చూసుకుని ఇచ్చేస్తాను."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒరతో సహా తీసి మా అరుగు మీద పెట్టింది. "ఉంచుకోండి, రేపిద్దురుగాని," అంది. దాచుకునే మనిషైనా బాగుండును, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

నెల్సన్ బండి మీద దెందులూరు వెళ్ళాం. రోడ్డు పక్కన కొలిమి ఉంది. కమ్మరాయన పెద్దాయన. యేసమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పి, అలుగును వెలుగుకి పట్టి చూశాడు.

"బాగా చేశాడండి ఎవరో. కానీ ఒక వైపే సాన పట్టాడండి, రెండో వైపు చదునుగా వదిలేశాడు. మీక్కూడా అలాగే కావాలాండి?"

"అచ్చం అలాగే. వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు," అన్నాను.

"ఎవరి చేతికండీ?"

"నా చేతికే."

ఆయన ఇంకేదో అడగబోయాడు. పని కానివ్వమన్నాను. సాయంత్రానికి అచ్చం అలాంటిదే వచ్చింది, జామకర్ర పిడితో సహా. నడుముకు దోపుకుని పది అడుగులు వేశాను. పది అడుగుల్లో ఆరుసార్లు తడుముకున్నాను. కొత్త కదా, రెండు రోజుల్లో మర్చిపోతానులే అనుకున్నాను. అది మొదటిసారి కోసేది మొదటికాయనే కావాలని ఒర లోంచి తీయకుండా ఉంచాను. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నక్కకి ఆ వాత చల్లగానే ఉంటుంది, కాస్సేపు.

వేసవి కోత మొదలైన రోజున రాజుగారు కొబ్బరికాయ కొట్టారు. అందరూ చెట్టు చుట్టూ నిలబడ్డారు. నేను కొత్త కత్తి తీశాను. "అబ్బో, యేసమ్మ కత్తికి కవల పుట్టింది," అని ఎవరో అన్నారు. ఎడంచేత్తో కాయ పట్టుకుని, కుడిచేత్తో తొడిమ మీద కత్తి పెట్టి కిందికి లాగాను. కత్తి నా మాట వినలేదు. ఎవరో నెట్టినట్టు మానులోకి కొరుక్కుంటూ పోయింది. కాయతోపాటు కన్ను లేచొచ్చింది, దాని కింద అరచెయ్యంత బెరడు లేచొచ్చింది. తెల్లటి చెక్క బయటపడింది.

జారిందనుకుని రెండో కాయకి ఇంకా జాగ్రత్తగా పెట్టాను. మళ్ళీ అంతే. పద్నాలుగేళ్ళలో ఒకే చెట్టుకి వరుసగా రెండు కళ్ళు తీసిన పాపాన పోలేదు.

"ఏంటిది జీవరత్నం?" అన్నారు రాజుగారు.

"కత్తి మంచిది కాదండి," అన్నాను.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందంట," అంది వెనకనుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. కత్తిని నేలకేసి కొట్టాను. అప్పుడే నా చోటు పోయిందని నాకు తెలిసిపోయింది.

అందరి వెనక నిలబడ్డ యేసమ్మ ముందుకొచ్చింది. వంగి కత్తి తీసుకుంది. అలుగు మీద బొటనవేలు ఒకసారి నడిపి, అటు తిప్పి ఇటు తిప్పి, నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. కోపమైతే తట్టుకునేదాన్ని.

"నవ్వకండమ్మా. మద్దెల నిజంగానే ఓడేనండి," అంది. "రాజుగారూ, వదినగారి చేతిది కాదండి తప్పు. ఇది ఎడంచేతి కత్తండి."

అని కత్తి ఎడంచేతిలోకి మార్చుకుంది. అందరి ముందూ, కోత మొదలైన రోజున, మొదటి చెట్టుకి, ఎడంచేత్తో ఒక కాయ కోసింది. తొడిమ తెగిన చప్పుడు కూడా కాలేదు. కన్ను దాని చోట అది ఉంది.

"సాన పట్టిన వైపు చెట్టుకుంటే కత్తి బయటికి జారుతుందండి. చదును వైపు చెట్టుకుంటే లోపలికి కొరుకుద్ది. నాది నా చేతికి చేసిన కత్తి. అది చూసి చేయించుకుని ఉంటారు, ఆవిడకేం తెలుస్తదండి పాపం."

ఏడాదిపాటు ఆ కత్తినే చూశాను. అది ఏ చేతిలో ఉందో ఒక్కసారీ చూడలేదు. అన్నం కుడిచేత్తో తినేది, గోతం కుడిచేత్తో అందించేది, ఆదివారం గుళ్ళో పాస్టరు గారిచ్చే రొట్టె కుడిచేత్తో తీసుకునేది. కత్తి మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, కింద పెట్టేది. చివరి సాలు ఎందుకు కోరుకుందో అప్పుడర్థమైంది. అది అణకువా కాదు, నటనా కాదు, దాక్కోవడం.

నిస్సీ అని మా గుంపులో అందరికంటే చిన్నది. "నేను మొదటి వారంలోనే చూశాను పిన్నీ. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు," అంది తర్వాత. యేసమ్మ కథంతా నాకు ఆ నిస్సీయే చెప్పింది. చిన్నప్పుడు బళ్ళో టీచరు ఎడంచేతి వేళ్ళ మీద స్కేలుతో కొట్టేదట. పెళ్ళయ్యాక ఎడంచేత్తో అన్నం వడ్డించిందని అత్తగారు ఆ చేతిని పాత చీరపేలికతో నడుముకు కట్టేసి పనులు చేయించిందట. వాళ్ళ నాన్న నిత్యానందం చెరువుల దగ్గర వలలు కట్టేవాడు. అందరూ ఆ పిల్లని చెయ్యి మార్చుకోమన్నారు. ఆయనొక్కడే కత్తి మార్చాడు. ఎడమవైపు సాన పట్టి, పదేళ్ళ పిల్ల చేతికి సరిపోయే పిడి చెక్కి ఇచ్చాడు. మా నాన్న నాకేమిచ్చాడని ఆ రాత్రంతా ఆలోచించాను. దానిక్కూడా కుళ్ళుకున్నాను.

అయితే అదంతా తర్వాత. ఆ రోజు చెట్టు దగ్గర రాజుగారు యేసమ్మ కోసిన చోట కన్ను వేలితో తడిమి చూశారు.

"మా నాన్నగారైతే ఎడంచేత్తో మొదలుపెట్టనిచ్చేవారు కాదు. నాకలాంటి పట్టింపులేం లేవు. పై ఏడు మొదటికాయ యేసమ్మకే ఇద్దామని ఉంది. కానీ ముందు మనిషివి నువ్వు, మీ ఆడవాళ్ళ మాట నువ్వే చెప్పాలి. ఏమంటావు జీవరత్నం?"

పదిమందీ నావైపే చూస్తున్నారు. ఇప్పుడే నన్ను నవ్వులపాలు కాకుండా కాపాడిన మనిషి పక్కనే ఉంది. కాపాడటానికి తను ఇన్నేళ్ళు దాచుకున్నది బయటపెట్టేసింది. ఒక్క మాట, "అలాగేనండి" అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాటంటే ఆమె రెండుసార్లు గెలిచినట్టు, కత్తిలోనూ గుణంలోనూ.

"శుభమా అని మొదలుపెట్టే చోట ఎడంచెయ్యెందుకండి," అన్నాను.

సిగ్గేసింది. సిగ్గేస్తుండగానే అన్నాను.

"సరే మరి," అన్నారు రాజుగారు. యేసమ్మ తల ఊపి నా కత్తిని మొదటి చెట్టు మొదట్లో పెట్టి చివరి సాలుకి వెళ్ళిపోయింది.

ఆ కోతంతా ఇక దాచుకోకుండా ఎడంచేత్తోనే కోసింది. ముందుకంటే వేగంగా కోసింది. నేను అత్తగారి కత్తే మళ్ళీ దోపుకుని, కొత్తదాన్ని కాయతొక్కల గుట్టలోకి విసిరేశాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా చుట్టూ ఉండే చోటు కాస్త పెరిగింది. అందరూ కొంచెం దూరంగా కూర్చునేవాళ్ళు, అంతే.

కోత అయ్యాక తాడేపల్లిగూడెం వైపు పెద్ద తోటవాళ్ళెవరో యేసమ్మను పిలిచారు. కోత కోయడమే కాదు, అక్కడి ఆడవాళ్ళకి నేర్పాలట. ముందు సాలు ఆమెదే. ఏ చెయ్యని వాళ్ళెవరూ అడగలేదట.

వెళ్ళే ముందురోజు మా ఇంటికొచ్చింది. నేను అరుగు మీద గోంగూర ఒలుస్తున్నాను. న్యూసుపేపర్లో చుట్టిన పొట్లం విప్పింది. లోపల నేను విసిరేసిన కత్తి.

"తొక్కల్లో దొరికిందండి. దెందులూరు తీసుకెళ్ళి ఆ వైపు సాన తీయించి, మీ చేతికి తగ్గట్టు ఈ వైపు పట్టించాను వదినగారూ. అలుగు కాస్త సన్నబడింది. ఇంకా తేలికైందండి," అంది.

అప్పుడు నాలో లేచింది కృతజ్ఞత అయితే బాగుండును.

"అక్కడ పెట్టు," అన్నాను అరుగు చూపిస్తూ.

"ఎందుకండీ?" అంది నవ్వుతూ. "దేనికి భయపడి కింద పెడతామో అది అయిపోయింది కదండీ."

ఎడంచేత్తోనే తీసి నా చేతిలో పెట్టింది. పిడి వెచ్చగా ఉంది.

ఇప్పటికి రెండేళ్ళు. ముందు మనిషిని నేనే. మొదటికాయ నాదే, మొదటి సాలు నాదే. ఈ కత్తి వచ్చాక నా సాల్లో ఒక్క కన్ను పోలేదని మొన్న రాజుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నిస్సీ తల వంచుకుని కాయలు ఏరుకుంది. కత్తి రోజూ నా నడుముకే ఉంటుంది. తమలపాకుల కట్టంత బరువు కూడా లేదు. ఇంటినుంచి తోటకి ఎనిమిది వందల అడుగులుంటాయి. అది ఉందన్న సంగతి ఒక్క అడుగులో కూడా మర్చిపోలేదు.